అరుగు మీది పేకాట తెర మీదికి ఎక్కిన రోజులు

గోదావరి డెల్టాలో పేకాట అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. ఒకటి అరుగు మీది పేకాట. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి చేరిన పిల్లలు, మధ్యాహ్నం వంటింటి పని ముగించుకుని వచ్చిన పిన్నులు, అత్తయ్యలు, పొద్దుపోని తాతయ్యలు కలిసి ఆడేది. అందులో డబ్బు ఉండదు. ఉంటే చింతపిక్కలో, కాగితం మీద గీతలు గీసి రాసుకునే పాయింట్లో. రెండోది తోటలో పేకాట. కొబ్బరితోటల్లో, చేపల చెరువుల మకాంలలో, కాలవగట్టు పాకల్లో నోట్లు పరుచుకుని కూర్చునేది. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల పక్కన గుండాటతోపాటు బాహాటంగా సాగి, మిగతా ఏడాదంతా పోలీసు జీపు చప్పుడుకు చెవి ఒగ్గి సాగేది. నలుగురు చేరి ఆడే ఆటకు 'చతుర్ముఖ పారాయణం' అని చాటుపేరు పెట్టుకోవలసి వచ్చిందంటే, రెండో ముఖం మొదటిదాన్ని ఎంతగా కప్పేసిందో అర్థమవుతుంది.

1998 ప్రాంతం నుంచి సుమారు పదేళ్ళపాటు ఇంటర్నెట్‌లో ఆడుకున్న పేకాటల గురించి ఇప్పుడు నలభై దాటినవాళ్ళు మాట్లాడేటప్పుడు గొంతులో ఒక బెంగ వినిపిస్తుంది. భీమవరంలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, అమలాపురం నెట్ సెంటర్లలో సాయంత్రాలు గడిపినవాళ్ళు, కాకినాడ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు 'ఆ టేబుళ్ళు మళ్ళీ రావు' అంటారు. వయసులో ఉన్న రోజులు కాబట్టి అలా అనిపిస్తుందని తీసిపారేయవచ్చు. కుర్రతనంలో జరిగినవి మిగతా వయసుల సంగతుల కన్నా గట్టిగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా చెబుతారు. కాని అంతటితో సరిపెట్టుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఆ కొద్దికాలం పేకాట తన అరుగు ముఖంతో ప్రపంచంలోకి వెళ్ళింది. ఆ తర్వాత మళ్ళీ తోటలోకే పోయింది. ఇప్పటి బెంగ ఆ అరుగు మీద.

ఇంటర్నెట్‌లో ఉచితంగా ఆటలు ఆడుకునే యాహూ గేమ్స్ అనే సైటు 1998లో మొదలైంది. అంతకుముందు క్లాసిక్ గేమ్స్ అనే చిన్న సైటుగా ఉన్నదాన్ని యాహూ కొని తన పేరు పెట్టుకుంది. లోపలికి వెళితే ఆటల వరుస, ఆట నొక్కితే గదుల వరుస, గదిలో అడుగుపెడితే టేబుళ్ళ వరుస. గదులను స్థాయిని బట్టి విడదీసేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళవి కొన్ని, ఆరితేరినవాళ్ళవి కొన్ని, ఊరికే కబుర్లకు కూర్చునేవాళ్ళవి కొన్ని. ప్రతి టేబులు దగ్గరా నాలుగు చోట్లు, కూర్చున్నవాళ్ళ పేర్లు, ఖాళీగా ఉన్న దగ్గర 'జాయిన్' అన్న మీట. ఖాళీ చోటు కళ్ళకు కనబడటం అనే ఈ చిన్న ఏర్పాటు మీదే ఆ అనుభవమంతా నిలబడింది. ఇప్పటి యాప్‌లో మీట నొక్కితే యంత్రమే ముగ్గురిని వెతికిపెడుతుంది, ఆట అవగానే విడదీస్తుంది. అప్పుడు మనిషే టేబుళ్ళ వెంట తిరిగి, ఎవరు ఎలా ఆడుతున్నారో కాసేపు పక్కన ఉండి చూసి, నచ్చిన దగ్గర కూర్చునేవాడు. అరుగు మీద జరిగేదీ అదే. ఆడేవాళ్ళ వెనక నిలబడి ముక్కలు చూస్తూ ఉండటం, ఎవరినో ఇంట్లోంచి పిలిస్తే లేచిన ఆ చోట్లో కూర్చోవడం.

డెల్టా పట్టణాల్లో ఈ టేబుళ్ళకు దారి నెట్ సెంటర్. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ విఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. భీమవరం, తణుకు, అమలాపురం, రాజోలు దాకా ఆ గాలి వీచేసరికి కొన్నేళ్ళు పట్టింది. బస్టాండు పక్కనో కాలేజీ రోడ్డులోనో ఒక షాపు గది, ప్లైవుడ్ చెక్కలతో విడదీసిన క్యాబిన్లు, లావుపాటి మానిటర్లు, ఒకే టెలిఫోన్ లైనును పంచుకునే నాలుగైదు కంప్యూటర్లు. మోడెం డబ్బా మీద 56 కిలోబిట్లు అని రాసి ఉన్నా ఊరి లైన్ల మీద అంత వేగం అందేది కాదు. వాన పడితే లైనులో గరగర. కరెంటు పోతే యూపీఎస్‌లు వరసగా కీచుమనేవి. ఆ కాసిని నిమిషాల్లో చేతిలో ఉన్న ఆట ముగించాలి, లేదా మిగతా ముగ్గురికీ 'కరెంట్ పోయింది' అని ఎలా చెప్పాలో తెలియక తెర ఆరిపోయేదాకా చూస్తూ ఉండాలి. అవతల ఉన్నవాళ్ళ ఊళ్ళలో కరెంటు పోవడం అనేదే వింత.

అంత నెమ్మది లైను మీద పేకాట మాత్రం హాయిగా సాగడానికి కారణం ముక్కల్లోనే ఉంది. పేకలో ఉన్నవి 52 ముక్కలు. వాటిలో ఏది పడిందో చెప్పడానికి కంప్యూటరుకు ఆరు బిట్లు, అంటే ఆరు సున్నాలో ఒకట్లో, చాలు, ఎందుకంటే ఆరు బిట్లతో 64 రకాల గుర్తులు రాయవచ్చు. ఒకరికి పంచిన 13 ముక్కల చెయ్యి మొత్తం కలిపితే 78 బిట్లు, అంటే పది బైట్లు. ముక్కల బొమ్మలు మొదట్లోనే ఒకసారి దిగిపోతాయి. ఆ తర్వాత లైను మీద నడిచేవి ఈ చిట్టి అంకెలే. వాటి చుట్టూ చేరే చిరునామాలూ అవీ కలిపి చూసుకున్నా పెద్ద బరువు కాదు. తుపాకి ఆటలో అర సెకను ఆలస్యమైతే ఆటగాడు చచ్చిపోతాడు. పేకాటలో మనిషి ఎలాగూ రెండు మూడు సెకన్లు ఆలోచిస్తాడు, లైను చేసే ఆలస్యం ఆ ఆలోచనలో కలిసిపోయేది. ఎదుటివాడు తటపటాయిస్తున్నాడో, అతని ఫోను లైను తటపటాయిస్తోందో ఇవతలివాళ్ళకు తెలిసేది కాదు. మహానగరంలో మంచి లైను ఉన్నవాడూ రాజోలులో గరగరలాడే లైను ఉన్నవాడూ ఒకే టేబులు దగ్గర సమానంగా కూర్చోగలిగిన ఆట అప్పట్లో ఇలాంటిదే. చదరంగం ఇంకొకటి. వేగం లేకపోయినా పరువు పోని ఆటలు అవి.

మొదట్లో ఇంట్లోవాళ్ళకు అర్థం కానిది పంపకం. 'ముక్కలు ఎవరు కలుపుతారు, ఎవరు పంచుతారు' అన్నది పేక పట్టిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న. కలిపేదీ పంచేదీ ఎక్కడో ఉన్న సర్వరు, అంటే ఆడేవాళ్ళందరి కంప్యూటర్లనూ కలిపే పెద్ద కంప్యూటరు. అది ఎవరి ముక్కలు వాళ్ళ కంప్యూటరుకే పంపుతుంది, మిగతా 39 ముక్కల ఊసు ఆ కంప్యూటరుకు తెలియదు. కోత కొయ్యడం లేదు, వేలు తడుపుకోవడం లేదు, అడుగు ముక్క కనబడటం లేదు. పంపకం గురించి గొడవలు మాత్రం ఎక్కువే. 'ఇది కావాలనే ఇస్తోంది, చేతి నిండా ఒకే జాతి ముక్కలు వస్తున్నాయి' అన్న మాట ప్రతి గదిలోనూ వినిపించేది. నిజానికి లోపం సర్వరులో కన్నా చేతి కలపడంలోనే ఎక్కువ. 1992లో డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ అనే గణితవేత్తలు, పేకను రెండు సగాలు చేసి ఒకదానిలోకి ఒకటి జారవిడిచే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే సుమారు ఏడుసార్లు కలపాలని లెక్కగట్టారు. అరుగు మీద ఎవరూ ఏడుసార్లు కలపరు. పైగా రమ్మీలో ఒక ఆట షో అయ్యేసరికి సీక్వెన్సులూ సెట్లూ కలిసికట్టుగా పేకలోకి చేరతాయి, రెండు మూడు కలపడాలకు అవి విడివడవు. అలా సగం కలిసిన పేకకు అలవాటైన చేతికి, పూర్తిగా కలిసిన పేక వింతగా తోస్తుంది. ఒకరికి 13 ముక్కలు రాగల తీరులే 63,501 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో విడ్డూరమైనవి కూడా రావలసిందే.

అయితే అనుమానం పూర్తిగా వట్టిది కాదనడానికి కూడా ఒక ఉదాహరణ ఉంది. 1999లో అమెరికాలో కొందరు సాఫ్ట్‌వేర్ భద్రతా నిపుణులు ఒక ఆన్‌లైన్ పోకర్ ప్రోగ్రాం పేకను కలిపే తీరును పరిశీలించారు. అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్న అంకె ఆధారంగా అది ముక్కలు కలుపుతోంది. రోజుకు మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలు. పేకలో 52 ముక్కలూ నిలవగల వరుసల సంఖ్య రాయాలంటే 68 అంకెలు కావాలి. అంటే అన్ని వరుసల్లోనూ ఇసుక రేణువంత భాగమే ఆ ప్రోగ్రాం పంచగలిగేది. సర్వరు గడియారం ఇంచుమించు తెలిస్తే, తన చేతిలోనివీ టేబులు మీదివీ కొన్ని ముక్కలు చూసి అందరి ముక్కలూ చెప్పేయవచ్చని వాళ్ళు చేసి చూపించారు. అది డబ్బు ఆట. ఉచిత టేబుళ్ళలో అంత కష్టపడే అవసరం ఎవరికీ లేదు, ఎందుకంటే గెలిచినా చేతికి వచ్చేది ఏమీ లేదు. మోసం ఎంత దూరం పోతుందన్నది పందెం ఎంత పెద్దదన్న దాన్నిబట్టే ఉంటుంది.

తెర మీద హార్ట్స్, స్పేడ్స్, క్లబ్స్, డైమండ్స్ అని రాసి ఉంటే, డెల్టా పిల్లలు మనసులో ఆటీను, ఇస్పేటు, కళావరు, డైమను అని చదువుకునేవారు. ఈ తెలుగు పేర్లు ఇంగ్లీషు నుంచి వచ్చినట్టు కనబడవు. డచ్ భాషలో హార్ట్స్ జాతిని హార్టెన్ అంటారు, క్లబ్స్ జాతిని క్లావరెన్ అంటారు. పోర్చుగీసులో స్పేడ్స్ జాతి ఎస్పాదాస్. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదటి భాగంలోనే పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టుకున్నారు, ద్రాక్షారామంలో, జగన్నాథపురంలో కూడా వాళ్ళ స్థావరాలు ఉండేవి. కళావరు రాణి, ఆటీను రాజు అని ఇప్పటికీ ఇళ్ళలో పలుకుతున్న మాటల్లో ఆ ఓడల చప్పుడు వినిపిస్తుంది. పరాయి దేశపు మనుషులతో పేక పట్టుకుని కూర్చోవడం ఈ నేలకు ఇంటర్నెట్‌తోనే మొదలైన వింతేమీ కాదు.

వింత ఏమిటంటే, ఆ టేబుళ్ళలో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పదమూడు ముక్కల రమ్మీ లేదు. ఆ సైట్లు అమెరికావాళ్ళ కోసం పుట్టినవి. వాళ్ళ ఇళ్ళలో ఆడే హార్ట్స్, స్పేడ్స్, యూకర్, పినాకిల్, క్రిబేజ్, బ్రిడ్జి ఉండేవి. రమ్మీ ఆడేవాడికి ముక్కలు పోగేసుకోవడం తెలుసు, నలుగురూ తలొక ముక్క వేస్తే పెద్ద ముక్కతో ఆ నాలుగూ గెలుచుకోవడం, అంటే పట్టు పట్టడం కొత్త. బేస్తు ఆడిన పెద్దవాళ్ళున్న ఇళ్ళలోనే 'పట్టు', 'తురుపు' అన్న మాటలు పిల్లల చెవిన పడి ఉండేవి. స్పేడ్స్ అయితే అమెరికాలో 1930లలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల చేతుల మీదుగా వ్యాపించిన ఆట. ఎప్పుడూ ఇస్పేటే తురుపు, అంటే మిగతా జాతులన్నిటినీ కొట్టే జాతి. ఇద్దరిద్దరు ఒక జట్టు. పంచిన ముక్కలు చూసుకుని, ఎన్ని పట్లు వస్తాయో ముందే చెప్పాలి, చెప్పినన్ని తేవాలి. ఒక్క పట్టూ రాకుండా ఆడతానని కూడా చెప్పవచ్చు, దాన్ని నిల్ అంటారు. అప్పుడు ఎదురుగా ఉన్న జోడీ తన పెద్ద ముక్కలతో కాపు కాయాలి. మొహం తెలియని, మాట తెలియని మనిషి ఎక్కడో మిషిగన్‌లో కూర్చుని, తన రాజును ఒడ్డి ఇవతలివాడి చిన్న ముక్కను కాపాడటం ఆ వయసులో చాలా పెద్ద సంగతి. ఇలాంటి నాలుగు ఆటలయ్యాక ఇద్దరి మధ్య ఏర్పడే నమ్మకానికి పేరు పెట్టడం కష్టం. అది స్నేహం కాదు, కానీ మర్నాడు అదే వేళకు ఆ పేరు కోసం గదులన్నీ వెతికించేది.

హార్ట్స్ ఇంకో తీరు. అందులో పట్టు పట్టడం నష్టం. ఆటీను ముక్క ఒక్కొక్కదానికి ఒకటి, ఇస్పేటు రాణికి 13, కలిపి 26 పాయింట్లు నెత్తిన పడతాయి. మొత్తం 26 ఒక్కరే తెచ్చుకుంటే మాత్రం ఆ బరువు మిగతా ముగ్గురి మీదికి పోతుంది. ఈ ఆట చాలామందికి ఇంటర్నెట్ కన్నా ముందే పరిచయం. 1992లో వచ్చిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని పెట్టింది, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపితే ఏం చేయవచ్చో చూపించడానికి. తర్వాతి విండోస్ 95, 98లలోనూ ఉంది. తెరవగానే పేరు అడిగేది, పంచేవాడిగా ఉంటావా, ఇంకొకరి ఆటలో చేరతావా అని అడిగేది. కాలేజీ ల్యాబులో సారు బయటికి వెళ్ళగానే నాలుగు మూలల నాలుగు కంప్యూటర్ల మధ్య ఆ ఆట నడిచేది. మనుషులు లేకపోతే పౌలీన్, మిషెల్, బెన్ అనే ముగ్గురు కంప్యూటరు ఆటగాళ్ళు వచ్చి కూర్చునేవారు. ఆ మూడు పేర్లు చెబితే ఇప్పటికీ ఒక తరం మొహాలు వెలుగుతాయి.

2000లో విండోస్ ఎంఈతో, 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇంటర్నెట్ హార్ట్స్, ఇంటర్నెట్ స్పేడ్స్ అన్నవి కంప్యూటరులోనే వచ్చాయి. సైటుకు వెళ్ళనక్కర్లేదు, పేరు నమోదు అక్కర్లేదు. నొక్కితే ప్రపంచంలో ఎక్కడివో ముగ్గురు. అక్కడ ఎవరికీ పేరు లేదు, వాళ్ళ కంప్యూటరు ఏ భాషలో ఉందో, ఆట ఏ స్థాయో మాత్రం కనబడేది. మాట్లాడాలంటే ముందే రాసిపెట్టిన వాక్యాల్లోంచి ఒకటి ఎంచుకోవాలి, అది అవతలివాళ్ళకు వాళ్ళ భాషలో కనిపిస్తుంది. ఒకరు మధ్యలో పోతే ఆ చోట్లో కంప్యూటరు కూర్చుని ఆట నడిపించేది. వాడకానికి ఇది యాహూ కన్నా సుఖం. గుర్తు పెట్టుకున్నది మాత్రం యాహూనే ఎక్కువ. పేరు లేని చోట ఎవరినీ వెతుక్కోలేరు. మధ్యలో పోయినవాడి కోసం ఎదురుచూసే పనీ లేదు. యాహూలో ఎవరి లైనైనా తెగితే టేబులంతా ఆగి, 'ఆగుదామా, వస్తాడేమో' అని మాట్లాడుకునేవారు. ఆట ఆగిన ఆ నిమిషాల్లోనే అవతలివాళ్ళ ఊళ్ళో మంచు పడుతోందని, మనవరాలు పుట్టిందని తెలిసేది. సౌకర్యం పెరిగేకొద్దీ ఈ ఖాళీలు పోయాయి. ఆ టేబుళ్ళకు మనిషి వాసన ఇచ్చినవి ఈ ఖాళీలే.

'నీ వయసెంత, ఆడా మగా, ఏ ఊరు' అని మూడు ఇంగ్లీషు అక్షరాల్లో అడగడం అక్కడి రివాజు. మొగల్తూరు, ముమ్మిడివరం అంటే ఎవరికీ తెలియదు కాబట్టి డెల్టావాళ్ళు హైదరాబాదు అని రాసేవారు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు న్యూయార్కులో చలికాలమైతే ఉదయం పదకొండు. ఆ వేళకు టేబుళ్ళలో దొరికేది ఉద్యోగాలు మానుకున్న పెద్దవాళ్ళు, ఇళ్ళలో ఉన్న గృహిణులు. ఇరవై ఏళ్ళ భీమవరం కుర్రాడి ఎదుట జోడీగా కూర్చున్నది అరవై ఏళ్ళ అమ్మమ్మ కావడం మామూలే. అరుగు మీద కూడా వయసుల కలయిక అలాగే ఉంటుంది. తోటలో అలా ఉండదు.

డబ్బు స్థానంలో అక్కడ ఉన్నది రేటింగు, అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకె. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో చదరంగం కోసం తయారుచేసిన లెక్క దానికి మూలం. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని తీసుకుంది. ఇద్దరి రేటింగుల మధ్య తేడా 400 ఉంటే పైవాడు పదింట తొమ్మిదికి పైగా గెలవాలని ఆ లెక్క అంచనా వేస్తుంది. తక్కువవాడు గెలిస్తే ఎక్కువ పాయింట్లు, గెలవవలసినవాడు గెలిస్తే కొద్దిపాటి. ఆట అయ్యాక ఒకరి నుంచి ఇంకొకరికి పోయేది ఆ అంకె మాత్రమే. దాన్నిబట్టి పేరు పక్కన ఉన్న రంగు గడి మారేది. ఆ రంగు కోసం నిద్ర మానుకున్నవాళ్ళున్నారు, పొలం అమ్ముకున్నవాళ్ళు లేరు. డెల్టాలో పేకాట గురించి ఈ మాట అనగలగడం చిన్న విషయం కాదు. ఇంటి దగ్గర పేక పట్టుకుంటే 'మీ పెదనాన్నలా తయారవుతావా' అని తిట్టు తినే పిల్లవాడు, నెట్ సెంటర్లో అదే ఆటను నిర్భయంగా ఆడుకున్నాడు. ఆడపిల్లల సంగతి మరీ. అరుగు మీద వాళ్ళకు చోటు పెళ్ళి దాకానే, అది కూడా సెలవుల్లో. పరాయి మగవాళ్ళున్న టేబులు దగ్గర కూర్చుని, బాగా ఆడి, గెలిచి, లేచి రాగలిగిన చోటు అంతకుముందు వాళ్ళకు ఎక్కడ ఉంది? హాస్టల్ ల్యాబు కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి ఆ టేబులు ఇచ్చింది అలాంటి చోటే.

ఆ టేబుళ్ళలో అంతా మంచే జరిగిందని కాదు. ఆడపేరు కనబడితే చాలు, పక్క కిటికీల్లో పనికిమాలిన సందేశాలు కుప్పపోసేవి. అందుకే చాలామంది ఆడో మగో తెలియని పేర్లు పెట్టుకునేవారు. ఓడిపోతున్నామనగానే చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు, జోడీ తప్పు ఆడితే బూతులు తిట్టేవాళ్ళు ఉండేవారు. నెట్ సెంటర్లో పక్క పక్క క్యాబిన్లలో కూర్చున్న ఇద్దరు స్నేహితులు ఒకే జట్టుగా చేరి, ప్లైవుడ్ చెక్క మీదుగా ముక్కలు చెప్పుకునేవారు. సర్వరు ఎంత భద్రంగా దాచినా ఆ గుసగుస దానికి వినబడదు. ఇవన్నీ ఉన్నా ఎవరి కొంపా మునగలేదన్నదే తేడా.

డబ్బు లేకపోవడం ఎవరి మంచితనమూ కాదు, దానికి కారణాలున్నాయి. ఖర్చు ప్రకటనల మీద వెళ్ళేది, ఎక్కువమంది ఎక్కువసేపు కూర్చుంటే చాలు. కంప్యూటరు ద్వారా డబ్బు పంపే దారి డెల్టాలో మామూలు కుటుంబాలకు లేదు, క్రెడిట్ కార్డు ఉన్న ఇల్లే అరుదు. అంటే ఆ అరుగుకు గోడ కట్టింది సాంకేతికత చేతకానితనమే. గోడ కూలితే ఏమవుతుందో తర్వాత తెలిసింది.

కూలడం ఒక్కసారిగా జరగలేదు. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఇళ్ళకు రావడం మొదలై నెట్ సెంటర్లు పలచబడ్డాయి. 2007లో ఫేస్‌బుక్ మీద జింగా పోకర్ వచ్చి, ఉత్తుత్తి చిప్స్‌ను, అంటే పందెం బిళ్ళలను, అసలు డబ్బుకు అమ్మవచ్చని చూపించింది. యాహూ ఆటలు జావా యాప్లెట్ల మీద, అంటే బ్రౌజరు లోపల నడిచే చిన్న ప్రోగ్రాముల మీద నడిచేవి. బూడిదరంగు పెట్టెలో ఆవిరి కాఫీ కప్పు గుర్తు కనబడి, చాలాసేపటికి టేబులు తెరుచుకోవడం అందరికీ గుర్తే. భద్రతా లోపాల వల్ల బ్రౌజర్లు ఆ పద్ధతిని ఒక్కొక్కటే వదిలేశాయి. 2014లో పాత ఆటలు చాలా వరకు మూతపడ్డాయి, 2016 మే నెలలో యాహూ గేమ్స్ మొత్తం ఆగిపోయింది. ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఆటలను మైక్రోసాఫ్ట్ 2019 జులై 31న ఆపేసింది, విండోస్ 7లోవి 2020 జనవరిలో.

యాహూ గేమ్స్ మూతపడిన 2016లోనే యూపీఐ మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. అంటే చవక డేటా, చేతిలో ఫోను, వేలి కొనతో డబ్బు పంపే దారి, మూడూ కలిశాయి. ఇన్నాళ్ళూ తెర మీద దొరకని పదమూడు ముక్కల రమ్మీ అప్పటికే డబ్బు ఆటగా దిగి ఉంది, ఇప్పుడు ఇంటింటికీ వచ్చింది. మన సొంత ఆట చివరికి తెర మీదికి వచ్చింది గాని, తోటను వెంటపెట్టుకుని వచ్చింది. పైగా ఈ తోటకు సంక్రాంతి అక్కర్లేదు, పక్కన మనుషులు అక్కర్లేదు. కొబ్బరితోటలో డబ్బు పోగొట్టుకుంటున్నవాడిని చూసి ఎవరో ఒకరు 'ఇక లేవరా' అంటారు, ఇంటికి కబురు పంపుతారు. దుప్పటి కింద ఫోనులో పోగొట్టుకునేవాడిని చూసేవాళ్ళు ఎవరు? ఆట ముగిశాక అప్పు వివరం తెలిసినరోజే ఇంట్లోవాళ్ళకు ఆట సంగతి తెలిసేది.

చట్టం కూడా ఈ రెండు ముఖాల మధ్యే నలిగింది. 1967లో సుప్రీంకోర్టు, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన ఆంధ్రప్రదేశ్ కేసులో, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, పట్టుకోవడం, వదలడంలో నేర్పు ఉందని చెప్పింది. పందెం మీద నిర్వాహకులు లాభం తీసుకుంటే సంగతి వేరని కూడా అదే తీర్పు గుర్తుచేసింది. క్లబ్బులు మొదటి సగాన్నే ఎక్కువగా చెప్పుకున్నాయి, యాప్‌లూ అంతే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ డబ్బు ఆటలను నిషేధిస్తూ, డబ్బు లేని సరదా ఆటలను వేరే తరగతిగా ఉంచింది. నేర్పా అదృష్టమా అన్న పాత తగువును పక్కన పెట్టి, డబ్బు ఉందా లేదా అని అడిగింది. అరుగుకూ తోటకూ మధ్య డెల్టా ఇళ్ళలో అమ్మమ్మలు గీసిన గీత కూడా అక్కడే ఉంది. నేర్పు ఎంత ఉన్నా నోట్లు పరిచినచోటికి పిల్లలను పోనిచ్చేవారు కాదు. నేర్పుకు గౌరవం లేదని కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బ్రిడ్జిలో బంగారు పతకం తెచ్చారు, పేక పట్టుకునే.

మూతపడిన టేబుళ్ళను తిరిగి తెరవడం కుదరదు. అట్టపేక పాతబడితే బజారులో కొత్తది దొరుకుతుంది, ఆట అదే. సర్వరు మీద నడిచిన ఆట అలా కాదు. నియమాలు మిగులుతాయి, చోటు మిగలదు. హార్ట్స్, స్పేడ్స్ ఆడుకునే ఉచిత సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2001 నుంచి నడుస్తున్న బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో టేబులు ఎంచుకుని కూర్చునే పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. కాని అప్పటి పేర్లు, ఆ పేర్ల పక్కన రంగు గడులు, ఎవరు ఎవరికి జోడీ అన్న లెక్కలు ఎక్కడా లేవు. ఆ మిషిగన్ పెద్దావిడను ఆమె వాడిన పేరు తప్ప ఇంకే ఆధారంతోనూ వెతకలేరు.

మిగిలిన దారి చిన్నది, సొంతంగా గది తెరుచుకోవడం. 2020 లాక్‌డౌన్‌లో చాలా ఇళ్ళు దీన్ని కనిపెట్టాయి. ఫోనులో డబ్బు లేని ఆటలో ఒక గది తెరిచి, దాని కోడ్‌ను వాట్సాప్‌లో ఇంటివాళ్ళకు మాత్రమే పంపుకుంటారు. పక్కన వీడియో కాల్ తెరిచి ఉంటుంది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ముక్కుమొహం తెలియనివాళ్ళతో ఆడిన తరమే ఇప్పుడు ఇలాంటి గదులు తెరుస్తోంది. సంక్రాంతికి రాలేకపోయినవాళ్ళున్న ఇళ్ళలో ఇది ఇంకా నడుస్తోంది. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాయి, న్యూజెర్సీలో ఉదయం పదిన్నర. అమలాపురంలో అత్తయ్య, కువైట్‌లో బాబాయి, హైదరాబాదులో మరదలు కూర్చున్నారు. నాలుగో చోటు ఖాళీగా కనబడుతోంది. 'వస్తున్నాను, అప్పుడే పంచేయకండి' అని బావ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. పంచలేదు.